వారానికి సరిపడా గోంగూర

ప్రశ్న: మేమిద్దరమే ఉంటాము. ఆదివారం పటమట రైతుబజారులో వారానికి సరిపడా కొన్నా, తోటకూర, గోంగూర మూడో రోజుకే కుళ్లిపోతున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, కట్ట విప్పకుండా తడితోనే ఫ్రిజ్‌లో పెడితే, కాడల నడుమ నీరు నిలిచి, కట్టు బిగిసిన చోటనే ఆకు ముందుగా నల్లబడి జిగురుపడుతుంది. తోటకూరను వేళ్లు కోసి, పొడి నూలుగుడ్డలో వదులుగా చుట్టి, రెండు రోజుల్లోనే వండేయండి. గోంగూరను మాత్రం తెచ్చిన రోజే వలిచి, కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, ముద్ద దగ్గరపడి నూనె పైకి తేలేవరకు మగ్గించి, ఉప్పు కలిపి, చల్లారాక గాజు సీసాలో ఫ్రిజ్‌లో ఉంచితే వారమంతా నిలుస్తుంది. పొడి గరిటెతో కావలసినంత తీసుకొని, ఒకరోజు వేయించిన ఎండుమిరపకాయలతో పచ్చడి నూరండి, మరొకరోజు ఉడికిన కందిపప్పులో కలపండి. అల్యూమినియం మూకుడులో మగ్గించకండి. ఆ పులుపు లోహాన్ని తినేస్తుంది.