సమాధానం: 1965 ఎంజీబీలో కొత్త రేడియో పెట్టగానే ఫ్యూజ్ పోతోంది

టెన్షన్ పడకండి, మీ వైరింగ్ పాడవలేదు. పాత ఎంజీబీలు (బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు) పాజిటివ్ ఎర్త్ బండ్లు. అంటే బ్యాటరీ ప్లస్ బాడీకి కలిసి ఉంటుంది. మీ కొత్త రేడియో డబ్బా మాత్రం మైనస్‌కు కలిసి ఉంటుంది. దాన్ని డాష్‌బోర్డు ఇనుముకు బిగించగానే షార్ట్ అవుతోంది.

ఈ కారు తయారీ ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో 1962లో మొదలైంది. కరెంటు సంగతి 1967 చివర్లో దీని రెండో రూపం మార్క్ 2 వచ్చేదాకా మారలేదు. అప్పుడే డైనమో బదులు ఆల్టర్నేటర్ (రెండూ బ్యాటరీని చార్జ్ చేసేవే), నెగటివ్ ఎర్త్ వచ్చాయి.

ముందు సీట్ల వెనక మూత తీసి చూడండి. 6 వోల్టుల బ్యాటరీలు రెండుంటాయి. బాడీకి వెళ్లే తీగ ఏ టెర్మినల్ నుంచి వస్తోందో చూస్తే తేలిపోతుంది. పాత ఓనర్ ఎవరైనా మార్చి ఉండొచ్చు కూడా.

పాజిటివ్ అయితే, నెగటివ్ ఎర్త్‌కు మార్చేయడమే మేలని నా అభిప్రాయం. బ్యాటరీ తీగలు తారుమారు చేయండి, ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు ఇచ్చేది) మీది రెండు వైర్లు కూడా. తర్వాత డైనమో మీది రెండు వైర్లూ ఊడదీసి, బ్యాటరీ ప్లస్ నుంచి ఒక వైరు తెచ్చి చిన్న టెర్మినల్‌కు (ఎఫ్) క్షణం పాటు రెండు మూడుసార్లు తాకించండి. ఇది మరిచిపోతే చార్జింగ్ తిరగబడుతుంది.

మీ ఏడాది కారులో టాకోమీటర్ (ఇంజన్ వేగం చూపే మీటరు) ఎలక్ట్రానిక్. దాని లోపలి కనెక్షన్లు మార్చనిదే పనిచేయదు, అది తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి.