చిన్న పిట్టల ఫొటోలకు పెద్ద లెన్స్ కొనే ముందు

మీ దగ్గరున్న 70-300 ఎంఎం జూమ్ లెన్స్‌తో తేనెపిట్టలూ, పికిలిపిట్టలూ తీస్తే ఫ్రేమ్ మధ్యలో చుక్కలా వస్తున్నాయి, ఇంకా దగ్గరగా చూపించే 600 ఎంఎం లెన్స్ కొనాలా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. మొదటి ఏడాది నాదీ ఇదే టెన్షన్. మా విశాఖ కంబాలకొండ అడవిలో ఒక పొద్దున్న నాలుగొందల ఫొటోలు తీసి ఇంటికొచ్చి చూసుకుంటే, అన్నీ చెట్టు కింద నిలబడి తలెత్తి తీసినవే, తెల్లటి ఆకాశం ముందు నల్లటి పొట్టలు. లెన్స్ ఏం చేస్తుంది పాపం, నేను నిలబడ్డ చోటే తప్పు.

ఆ సంగతి మా మేడ మీద అర్థమైంది. కుండీలో మందారానికి రోజూ ఏడింటికల్లా ఒక మగ తేనెపిట్ట వచ్చేది, మొత్తం కలిపి పది సెంటీమీటర్లుంటుందేమో. దాని వెనక సరిగ్గా పక్కింటి నల్ల నీళ్ల ట్యాంకు. ఒకరోజు రెండడుగులు పక్కకి జరిగి గచ్చు మీద కూర్చున్నాను, అంతే, ట్యాంకు తప్పుకుని దూరంగా నీడలో ఉన్న వేపచెట్టు దాని వెనక్కి వచ్చి మెత్తగా కరిగిపోయింది. ఎండ నా వీపు మీద ఉండటంతో, అప్పటిదాకా బొగ్గుముక్కలా కనిపించిన పిట్ట తల తిప్పగానే మెడ దగ్గర నీలం, ఊదా తళుక్కుమన్నాయి. ఆ మెరుపు ఈకల్లో ఉన్న రంగు కాదు, ఈకల అమరిక మీద వెలుతురు పడి తిరిగి రావడం, అందుకే కోణం మారితే మళ్లీ నలుపే. ఇలా పిట్టా నలుపే, వెనకా నీడే ఉన్న చోట కెమెరా తనంతట తాను వెలుతురు పెంచేస్తుంది, ఎక్స్‌పోజర్ ఒక అర స్టాప్ (కెమెరాలో +/- స్కేలు మీద -0.5) తగ్గించుకోండి.

అప్పట్నుంచి మొదట పిట్ట వాలే చోటుకి వెనకాల ఏముందో చూసుకుని, తర్వాతే పిట్ట కోసం కాచుకుంటున్నాను. వాలిన కొమ్మ మీదికే మళ్లీ వాలే పిట్టలు చాలానే ఉంటాయి. బీచ్ రోడ్డు వైపు వెళ్తే పొద్దున్న సముద్రానికి వీపు పెట్టి కొండ వైపు తీయండి, వెలుతురు మీకు సాయం చేస్తుంది. ముడసర్లోవ జలాశయంలో నీళ్ల మీద తేలే సోలార్ పలకలు ఫ్రేములోకి దూరిపోతుంటాయి, కాస్త చూసుకోండి. ఎనిమిదిన్నర దాటితే నేనైతే కెమెరా సంచిలో పెట్టేస్తాను.

సెట్టింగులకేముంది, షట్టర్ 1/1000 సెకను కంటే నెమ్మది కాకుండా, ఫోకస్ పిట్ట కంటి మీద, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 1600 అయినా పర్లేదు. ఐఎస్ఓ పెంచితే ఫొటోలో వచ్చే గరుకు తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన ఫొటోని మాత్రం ఏం చేయలేం. 24 మెగాపిక్సెల్ ఫొటోని అడ్డంగా సగం, నిలువుగా సగం కోసినా ఇంకా 6 మిగులుతాయి, ఏ4 ప్రింటుకి చాలు. కోసేటప్పుడు పిట్ట చూస్తున్న వైపు కొంచెం చోటు వదలండి. అయినా ప్రతిసారీ పిట్ట ఫ్రేమంతా నిండక్కర్లేదు, పూలకొమ్మ మొత్తం ఉండి ఒక మూల పిట్ట ఉన్నదే మా ఇంట్లో గోడకెక్కింది.

ఒక్కటి, గూడుకి అడ్డంగా ఉన్నాయని ఆకులు తుంచకండి. మా వీధిలో ఒకాయన తుంచాడు, మర్నాటికి ఆ గూటి మీద కాకి వాలింది.