పెరట్లో పార వేసేముందు

ప్రశ్న: నా వయసు 63. కూకట్‌పల్లిలో సొంతింట్లో ఉంటాను. పోయినేడు జనవరిలో మావారు పోయారు. పన్నెండేళ్లుగా మా ఇద్దరికీ మిద్దెతోటే లోకం. ఏప్రిల్‌లో మా అబ్బాయి నన్ను అమెరికా తీసుకెళ్లాడు. వాళ్లది మిన్నియాపొలిస్ దగ్గర. ఎండ బాగా కాస్తోంది కదా అని, పిల్లలిద్దరూ ఆఫీసుకి వెళ్లాక పెరట్లో గడ్డి తీసేసి ఇక్కడి నుంచి తీసుకెళ్లిన బెండ, బీర గింజలు వేశాను. షాపులో కొన్న టమాటా నారు కూడా నాటాను. మే మొదటి వారంలో ఒక్క రాత్రి చలికి నారంతా నల్లబడిపోయింది. గింజలైతే మొలవనే లేదు. ఇంటికొచ్చిన స్నేహితుల ముందు కోడలు "అడక్కుండా తవ్వేశారు, చెబితే వినరు" అంది. ఆ తర్వాత నేను పెరట్లో కాలు పెట్టలేదు, రెండు నెలలకే తిరిగొచ్చేశాను. ఇప్పుడు మార్చి రెండో వారానికి అబ్బాయి మళ్లీ టికెట్ తీశాడు. మొన్న కోడలు "అత్తయ్యా, ఈసారి ఇద్దరం కలిసి మొక్కలు వేద్దాం" అని మెసేజ్ పెట్టింది. జాలిపడి అందో, దెప్పిపొడిచిందో తెలియక జవాబివ్వలేదు. వెళ్లాలా? వెళ్లినా మొక్కల జోలికి పోకుండా నోరు మూసుకుని ఉండాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ నారు సంగతి చూద్దాం. అది మీ చేతకానితనం వల్ల చావలేదు. మనకు హైదరాబాద్‌లో ఎండ కాసిందంటే నేల కూడా వేడిగా ఉన్నట్టే. అక్కడ ఏప్రిల్ చివర్లో మధ్యాహ్నం స్వెట్టర్ తీసేయాలనిపించేంత ఎండ కాసి, అదే రాత్రి సున్నా డిగ్రీలకు పడిపోతుంది. మే మొదటి, రెండో వారాల దాకా అలాంటి రాత్రులు మామూలే. టమాటా ఆకులో నీరు గడ్డకడితే తెల్లారేసరికి ఉడకబెట్టినట్టు వాలిపోతుంది. ఇక బెండ గింజకు మట్టే కనీసం 18 డిగ్రీల వేడిలో ఉండాలి. అంతకన్నా చల్లటి తడిమట్టిలో పడితే మొలవకుండా కుళ్లిపోతుంది. అదే రాష్ట్రంలో మా చెల్లెలి దగ్గర నేను రెండుసార్లు మార్చి, ఏప్రిల్ నెలలు గడిపాను. ఉగాది నాడు పెరడంతా తెల్లగా మంచు, ఒక్క చెట్టుకూ చిగురు లేదు. పచ్చడిలోకి ఇంటి నుంచి పట్టుకెళ్లిన ఎండు వేపపువ్వే గతి. కాబట్టి మొక్కల విషయంలో మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఇక మానేయండి.

అడగకపోవడం మాత్రం పొరపాటే. ఇంట్లో వాళ్లతో ఒక మాట అనుకోవాల్సింది. అక్కడ పెరడు తవ్వాలంటే ఇంటి యజమానులే ముందుగా 811 నంబరుకు ఫోన్ చేస్తారు. గ్యాస్ పైపులు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో మనుషులొచ్చి ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు. చాలా కాలనీల్లో గడ్డి ఎలా ఉండాలో, ఎక్కడ ఏం కట్టుకోవచ్చో సంఘాల నియమాలు కూడా ఉంటాయి. తవ్విన గడ్డి చూసి మీ కోడలు కంగారుపడటానికి ఇన్ని కారణాలున్నాయి. అయినా పదిమందిలో అత్తగారిని అలా అనడం తప్పు. అది మనసుకు గుచ్చుకుందంటే న్యాయమే.

కానీ మీ ఉత్తరంలో తారీఖులు చూస్తే నాకు ఇంకోటి కనబడింది. ఆయన పోయింది జనవరిలో. మీరు పార పట్టింది ఏప్రిల్‌లో. మూడు నెలలు. పన్నెండేళ్లు పక్కన నిలబడి నీళ్లు పోసిన మనిషి లేకుండా, తెలియని దేశంలో, పగలంతా ఒంటరిగా ఉన్న ఇంట్లో మీరు ఆ గడ్డి తీసింది బెండకాయల కోసమే అని నేననుకోను. అందుకే ఆ నారు పోతే అంత దుఃఖం వచ్చింది. మీ కోడలికి ఇదేమీ తెలియదు, ఆమెకు కనిపించింది తవ్విన నేల ఒక్కటే. ఈసారి వెళ్లాక ఒక సాయంత్రం ఆమెతో ఒక్కదానితోనే కూర్చుని ఇది చెప్పండి. అబ్బాయి చేత చెప్పించకండి. ఇద్దరాడవాళ్ల మధ్య మాటను అతను మోసుకెళ్తే సగం దారిలోనే దాని అర్థం మారిపోతుంది.

ఆ మెసేజ్ సంగతికొస్తే, దెప్పాలనుకున్న మనిషి "ఇద్దరం కలిసి" అని రాయదు. మీరు రెండు నెలలకే సూట్‌కేసు సర్దుకుని వచ్చేశారు కదా, ఆ పిల్లకూ మనసులో ఎక్కడో ముల్లు ఉండి ఉంటుంది. వెళ్లండి. మొక్కలూ వేయండి. అయితే అక్కడి చలికాలాలు చూసింది ఆమె. ఏది ఎప్పుడు వేయాలన్నది ఈసారి ఆమె చేతిలో పెట్టండి.

చలిదేశంలో కూరగాయల తోట మొదలయ్యేది పెరట్లో కాదు, ఇంట్లో. మీరు మార్చి రెండో వారంలో దిగుతున్నారు కాబట్టి సరిగ్గా మిరప గింజల వేళ. మిరప, వంకాయ మార్చిలో, టమాటా ఏప్రిల్ మొదటి వారంలో ట్రేలలో వేసుకుంటారు. మే చివరి దాకా అవి ఇంట్లోనే పెరగాలి. అంటే మట్టి, నీళ్లు, ట్రేలు రెండు నెలలకు పైగా మీ కోడలి ఇంట్లో చోటు ఆక్రమిస్తాయి. కార్పెట్ ఉన్న ఇళ్లు కదా, గొడవ మొదలైతే ఇక్కడే మొదలవుతుంది. ట్రేలు ఎక్కడ పెట్టాలో ఆమెనే అడగండి. బేస్‌మెంట్‌లోనో, బట్టలుతికే గదిలోనో ఒక బల్ల చాలు. కింద ప్లాస్టిక్ షీటు పరవండి. మార్చిలో కిటికీ వెలుతురు సరిపోదు, నారు సన్నగా సాగిపోయి పడిపోతుంది. ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు మొక్కల తలలకు జానెడు లోపే వేలాడేలా కట్టి రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగిస్తే కాండం గట్టిగా వస్తుంది. పెరటి మట్టి ట్రేలలో పోయవద్దు, నారుకుళ్లు తెగులు వస్తుంది. గింజల కోసమే అమ్మే తేలికపాటి మిశ్రమం వాడాలి. నీళ్లు పైనుంచి కాకుండా కింద పళ్లెంలో పోస్తే మట్టే పీల్చుకుంటుంది. ఇంకో మాట, మన మిద్దెతోట అలవాటు కొద్దీ పుల్లమజ్జిగ, ఉల్లిపొట్టు నీళ్లు ఆ ట్రేలకు పోయకండి. చలికి తలుపులు మూసి ఉండే ఇంట్లో ఆ వాసన రోజుల తరబడి పోదు.

సొర, బీర వేళ్లు కదిలితే ఓర్చుకోవు. వాటిని ఏప్రిల్ చివర్లో కాగితపు కప్పుల్లో వేసి, తర్వాత కప్పు అడుగు చించి మట్టి కదలకుండా నాటాలి.

ఈలోగా మీ చేతులు ఊరుకోవని తెలుసు. ఏప్రిల్ మధ్య నుంచి పాలకూర, ముల్లంగి, బఠానీ, కొత్తిమీర బయటే చల్లుకోవచ్చు, ఇవి చలిని ఇష్టపడతాయి. అంతకుముందు గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో నొక్కి చూడండి. ముద్దగా అంటుకుపోతే ఇంకా తడి ఆరలేదన్నమాట. అప్పుడు తవ్వితే గడ్డలు కట్టి ఏడాదంతా గట్టిగానే ఉంటుంది. పొడిపొడిగా రాలితే పని మొదలుపెట్టొచ్చు. గడ్డి తవ్వే పని కూడా లేకుండా అట్టపెట్టెలు విప్పి పరిచి, దాని మీద నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు చెక్క మడి కట్టించుకోండి. రెండు వైపుల నుంచీ చెయ్యి అందుతుంది, నడుము వంచడం తగ్గుతుంది, నేలకన్నా మడి త్వరగా వేడెక్కుతుంది. కోడలి గడ్డి మిగతాదంతా అలాగే ఉంటుంది.

ఇంట్లో పెరిగిన నారును ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకులు తెల్లగా మాడిపోతాయి. మే రెండో వారంలో మొదలుపెట్టి మొదటి రోజు నీడలో ఒక గంట, మర్నాడు రెండు గంటలు, అలా వారం, పది రోజులు అలవాటు చేయాలి. శని, ఆదివారాలు తప్ప పగలు ఇంట్లో ఉండేది మీరే కాబట్టి ఈ పని మీది. రాత్రులు 10 డిగ్రీలకు తగ్గడం లేదని కోడలు ఫోన్‌లో చూసి చెప్పాకే టమాటా నేలలోకి. బెండ మే చివర్లోనో, జూన్ మొదట్లోనో. అప్పుడు చూడండి అక్కడి నేల ఎలా ఇస్తుందో! జూన్‌లో ఆ ఊళ్లో పగలు పదిహేను గంటలు దాటి ఉంటుంది, మనకు పదమూడు గంటలే. గోంగూర పగటిపొద్దు తగ్గితేగాని పూతకు రాదు, అందుకని ఎండాకాలమంతా ఆకే ఆకు. పొద్దున లేచి ఏ తీగ ఎక్కడికి పాకిందో, ఏ ఆకు వెనుక పురుగుందో చూసే కన్ను మీకుంది, ఆమెకు లేదు. అక్కడ ఉన్నన్నాళ్లూ ఆ మడికి మీరే పెద్దదిక్కు.

గింజలు మాత్రం ఈసారి బ్యాగులో పెట్టుకోకండి. నాటడానికి తీసుకెళ్లే విత్తనాలకు అక్కడి వ్యవసాయ శాఖ నిబంధనల ప్రకారం కాగితాలుండాలి. విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లకు ముందే చెప్పకుండా దొరికితే జరిమానా పడొచ్చు. పచ్చి కరివేపాకు అసలే కూడదు, నిమ్మజాతి చెట్లకు సోకే తెగులును మోసే పురుగు దాంతో వస్తుందని వాళ్ల భయం. మన గింజలు అక్కడ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

కూకట్‌పల్లి మిద్దె మీది కుండీల గురించి కూడా ఇప్పుడే ఆలోచించండి. మార్చి నుంచి ఎండలు, ఎవరో ఒకరు రోజూ నీళ్లు పోయాలి. పక్కింటివాళ్లకో, వాచ్‌మన్ భార్యకో అప్పగించి కాసినవి కోసుకోమనండి. ఆయన నాటిన మొక్క ఏదైనా ఉంటే దాన్ని మెట్ల దగ్గర నీడకు మార్చి, ప్రత్యేకంగా చూపించి వెళ్లండి.

మెసేజ్‌కు జవాబు ఈ రోజే పెట్టండి. పొడుగ్గా అక్కర్లేదు. ఇలా చాలు: "తప్పకుండా వేద్దాం అమ్మా. పోయినసారి అడక్కుండా తవ్వాను, పొరపాటు నాదే. నేనొచ్చేలోగా మిరప గింజలు, రెండు ట్రేలు తెప్పించి ఉంచు. ఎక్కడ పెట్టాలో నువ్వే చెప్పు. మిగతావి వచ్చాక మాట్లాడుకుందాం."