పాత కారులో పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టించే ముందు చూడవలసినవి

మీ కారు 1960ల నాటి నాలుగు సిలిండర్ల బండి అనీ, సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతుందనీ, ఐడ్లింగ్ నిలకడగానే ఉంటుందనీ రాశారు. రోడ్డు మీద యాక్సిలరేటర్‌ను తేలిగ్గా తొక్కి ఒకే వేగంతో వెళ్తున్నప్పుడు మాత్రం ఇంజిన్ మిస్ అవుతూ జర్కులు ఇస్తుందనీ, పూర్తిగా తొక్కితే అవి తగ్గిపోతాయనీ, పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించమని మెకానిక్ సలహా ఇచ్చారనీ చెప్పారు. పెట్టించడం మంచిదే, నా కారులోనూ పాయింట్ల బదులు అయస్కాంతాన్ని గుర్తించి పనిచేసే హాల్ ఎఫెక్ట్ మాడ్యూలే ఉంది. అయితే మీరు చెప్పిన లక్షణాలకు మందు అది కాదని నా గట్టి అభిప్రాయం.

స్పార్క్‌కు కావలసిన హై వోల్టేజి పుట్టించేది కాయిల్; దాని ప్రైమరీలో (బ్యాటరీ వైపు చుట్టలో) పారే కరెంటును సరైన క్షణంలో తెంపడమే పాయింట్ల పని. కిట్ ఆ ఒక్క పనిని మాత్రమే తన చేతిలోకి తీసుకుంటుంది. స్పార్క్‌ను ప్లగ్‌లకు వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు, అది తిరిగే బుష్షులు, వేగాన్ని బట్టి స్పార్క్‌ను ముందుకు జరిపే (అడ్వాన్స్ చేసే) బరువులు, ఇంజిన్ పీల్పును బట్టి అదే పని చేసే వాక్యూమ్ డయాఫ్రమ్, రోటర్, క్యాప్, కాయిల్ అన్నీ పాతవే ఉంటాయి. లోపం వాటిలో ఉంటే కొత్త మాడ్యూల్ కింద కూడా అది అలాగే కొనసాగుతుంది.

తేలికపాటి యాక్సిలరేటర్ మీదే జర్కులు రావడానికి ఒక కారణం ఉంది. వాక్యూమ్ పైపును కార్బొరేటర్ థ్రాటిల్ అంచు దగ్గర కలిపిన కార్లలో ఐడ్లింగ్‌లో డయాఫ్రమ్ మీద వాక్యూమ్ దాదాపు ఉండదు. థ్రాటిల్ కొద్దిగా తెరుచుకోగానే అది బలంగా పనిచేసి, పాయింట్లు కూర్చున్న ప్లేటును కొన్ని డిగ్రీలు తిప్పుతుంది. పూర్తిగా తొక్కితే వాక్యూమ్ పడిపోయి ప్లేటు వెనక్కి వస్తుంది. అంటే మీ జర్కులు సరిగ్గా ప్లేటు కదిలి ఉన్న సమయంలోనే వస్తున్నాయి. కదిలే ప్లేటును డిస్ట్రిబ్యూటర్ బాడీకి కలుపుతూ ఒక చిన్న అల్లిక ఎర్త్ వైరు ఉంటుంది. పాయింట్ల నుంచి బయటి టెర్మినల్‌కు ఇంకొక సన్నని వైరు వెళ్తుంది. ఏళ్ల తరబడి వంగి వంగి ఈ రెండింటిలో ఏదో ఒకటి లోపల తెగిపోతుంది.

నా కారులో అచ్చంగా ఇదే జరిగింది. వైరు పైతొడుగు చెక్కుచెదరకుండా ఉంది, రెండు కొసల్లో స్క్రూలు బిగుతుగానే ఉన్నాయి. వేళ్లతో మెల్లగా లాగి చూస్తే మాత్రం ఆ తొడుగు రబ్బరులా సాగింది. లోపలి రాగి పోగులన్నీ తెగిపోయి ఉన్నాయి. ప్లేటు ఒక స్థానంలో ఉన్నప్పుడు తెగిన కొసలు తాకుతున్నాయి, అడ్వాన్స్ అయినప్పుడు విడిపోతున్నాయి. మీరు ఇగ్నిషన్ ఆపి, మల్టీమీటర్‌ను తక్కువ ఓమ్‌ల రేంజిలో పెట్టి, ఒక ప్రోబును ప్లేటు మీద, ఇంకొక దానిని డిస్ట్రిబ్యూటర్ బాడీ మీద ఉంచి ప్లేటును చేత్తో తిప్పండి. అంకె దాదాపు సున్నా దగ్గర కదలకుండా ఉండాలి; ఎగిరిపడితే లోపం దొరికినట్టే. అలాగే పాయింట్ల నుంచి బయటి టెర్మినల్ వరకు వెళ్లే వైరునూ కదుపుతూ చూడండి. తెగిన వైరు స్థానంలో సన్నని పోగులు ఎక్కువగా ఉన్న మెత్తటి వైరునే వేయించండి, మందపాటి వైరు మళ్లీ త్వరలోనే తెగుతుంది. చాలా కిట్లు తమ ఎర్త్‌ను ఈ ప్లేటు ద్వారానే తీసుకుంటాయి కాబట్టి, వైరు సంగతి చూడకుండా కిట్ బిగిస్తే జర్కులు అలాగే ఉండి, నింద కొత్త మాడ్యూల్ మీద పడుతుంది.

డిస్ట్రిబ్యూటర్ తెరిచినప్పుడే షాఫ్టును పక్కలకు నెట్టి చూడండి. స్పష్టంగా తెలిసేంత ఆట ఉంటే బుష్షులు అరిగినట్టు. డ్వెల్ (పాయింట్లు మూసుకుని ఉండే కోణం) కొలిచే మీటరు ఉంటే ఇంజిన్ వేగం పెంచినప్పుడు డ్వెల్ రెండు మూడు డిగ్రీలకు మించి మారడం కూడా దానికే సూచన. హాల్ సెన్సరు ఈ ఆటను పాయింట్ల కంటే బాగా ఓర్చుకుంటుంది గానీ, అరిగిన షాఫ్టు మీద ఏ సెన్సరూ నిలకడైన టైమింగ్ (స్పార్క్ వచ్చే క్షణం) ఇవ్వలేదు. వాక్యూమ్ పైపును నోటితో పీల్చి నాలుకతో మూస్తే ప్లేటు కదిలి అక్కడే నిలవాలి. వెనక్కి జారితే డయాఫ్రమ్ చిల్లుపడింది. క్యాప్ లోపల తిరుగుతూ స్పార్క్‌ను పంచే రోటర్‌ను కూడా నమ్మవద్దు. రివెట్టుతో బిగించిన చవకరకం రోటర్లలో స్పార్క్ ఆ రివెట్టు గుండా షాఫ్టులోకి దిగిపోవడం పాత కార్ల వాళ్లందరికీ తెలిసిన తలనొప్పి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే పాయింట్లతోనే బండి ఎంతో హాయిగా నడుస్తుంది. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పటి గ్యాప్‌ను మీ కారు పుస్తకంలో ఇచ్చినట్టే పెట్టాలి. బ్రిటిష్ కంపెనీ లూకాస్ నాలుగు సిలిండర్ల డిస్ట్రిబ్యూటర్లలో అది సాధారణంగా 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ముందు గ్యాప్, ఆ తరువాతే టైమింగ్; ఈ వరుస మారకూడదు, ఎందుకంటే గ్యాప్ మారితే టైమింగ్ దానంతట అదే మారుతుంది. షాఫ్టు మీది క్యామ్‌ను తాకే పాయింట్ల ఫైబరు మడమ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి టైమింగ్ వెనకపడుతుంది, అందుకే క్యామ్ మీద పలచగా గ్రీజు అవసరం. కొత్త పాయింట్ల మీద ఉండే రక్షణ పొరను స్పిరిట్‌తో తుడవండి. పాయింట్ల మధ్య నిప్పురవ్వలను అణిచే పాత కండెన్సర్ బాగా పనిచేస్తుంటే, పాయింట్లు మార్చిన ప్రతిసారీ దాన్ని పారేయవలసిన పని లేదు. వేడెక్కగానే మొరాయించే కొత్త కండెన్సర్లను నేను చూశాను.

ఆ తరువాత కిట్ పెట్టించండి. దానివల్ల మీకు అదనపు పవర్ రాదు. అరిగే మడమ ఉండదు కాబట్టి ఒకసారి పెట్టిన టైమింగ్ చాలాకాలం అలాగే నిలుస్తుంది, అసలు లాభం అదే. కొనే ముందు కారు ఎర్త్ ఏ వైపో, అంటే బ్యాటరీ ఏ టెర్మినల్ బాడీకి కలిపి ఉందో, తప్పక తేల్చుకోవాలి. 1960ల మధ్య వరకు చాలా బ్రిటిష్ కార్లకు పాజిటివ్ ఎర్త్ ఉండేది, పోలారిటీ తారుమారైతే మాడ్యూల్ క్షణంలో కాలిపోతుంది. కాయిల్ ప్రైమరీని కొలవండి. బ్యాలాస్ట్ (కాయిల్‌కు ముందు కరెంటును తగ్గించే రెసిస్టర్) లేని 12 వోల్టుల కాయిల్ సుమారు 3 ఓమ్‌లు, బ్యాలాస్ట్‌తో వాడేది సుమారు 1.5 ఓమ్‌లు చూపుతుంది. రెండో రకాన్ని బ్యాలాస్ట్ లేకుండా నేరుగా కలిపితే కరెంటు ఇంచుమించు 4 ఆంపియర్ల నుంచి 8కి పెరిగి కాయిల్, మాడ్యూల్ రెండూ ఉడికిపోతాయి. కొన్ని కార్లలో బ్యాలాస్ట్ విడి భాగంగా కనిపించదు, హార్నెస్‌లోనే రెసిస్టెన్స్ వైరుగా దాగి ఉంటుంది. కిట్ పూర్తి 12 వోల్టులు కోరితే దాని సప్లయిని బ్యాలాస్ట్‌కు ముందు నుంచి తీసుకోవాలి, కాయిల్‌ను మాత్రం బ్యాలాస్ట్ తరువాతే ఉంచాలి.

రాగి పోగుల ప్లగ్ వైర్లు రేడియో అలజడితో మాడ్యూల్‌ను గందరగోళపరచవచ్చు, రెసిస్టెన్స్ ఉన్నవి వాడండి. కాయిల్ కరెంటును బట్టి పనిచేసే పాత ఆర్‌పీఎం మీటరు కిట్ పెట్టాక తప్పు చూపవచ్చు. ఇంజిన్ ఆగి ఉండగా ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేయవద్దు. హై పవర్ కాయిల్ మామూలు కంప్రెషన్ ఉన్న ఇంజిన్‌కు అక్కరలేదు, పైగా దానికోసం ప్లగ్ గ్యాప్ పెంచితే క్యాప్, రోటర్ మీదే భారం పడుతుంది.

తీసేసిన పాయింట్లు, కండెన్సర్, గ్యాప్ కొలిచే ఒక చిన్న ఫీలర్ గేజ్ డిక్కీలో ఉంచుకోండి. మాడ్యూల్ పోయేటప్పుడు ముందుగా ఏ సూచనా ఇవ్వదు, రోడ్డు పక్కన బాగుచేయడానికీ అందులో ఏమీ ఉండదు. ముందు ఆ ఎర్త్ వైరును పరీక్షించి, మీటరు ఏం చూపిందో ఇక్కడ రాయండి. అది బాగానే ఉంటే కార్బొరేటర్ మెయిన్ జెట్ వైపు చూద్దాం, ఎందుకంటే మిశ్రమం పలచబడినా తేలికపాటి యాక్సిలరేటర్ మీద ఇలాంటి జర్కులే వస్తాయి.