శుక్లం ముదిరేదాకా ఆగమనే మాటను నేను ఎందుకు ఒప్పుకోను

అరవై నాలుగేళ్ల మీ నాన్నగారికి రెండు కళ్లలోనూ శుక్లం మొదలైందని డాక్టరు చెప్పారని, ఆయనేమో ఇంకా బాగానే కనబడుతోందంటూ వాయిదా వేస్తున్నారని, ఆపరేషన్ ఎప్పుడు చేయిస్తే మంచిదో, ఆ తర్వాత ఎన్నాళ్లు పొలం పనికి దూరంగా ఉండాలో చెప్పమని మీరు అడిగారు. నేను డాక్టరును కాను. దేవరకొండ దగ్గరి ఊళ్లో ఉంటున్న రిటైర్డ్ ఉపాధ్యాయుడిని. 2024 వేసవిలో రెండు కళ్లకూ ఆపరేషన్ చేయించుకున్నాను. అంతకుముందు మా తాతకూ మా అమ్మకూ జరిగిన ఆపరేషన్లను దగ్గరుండి చూశాను. కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను, ముదిరేదాకా ఆగవద్దు.

మా వైపు మోతిబిందు అని పిలిచే ఈ పొర, అంటే కంటిలోని సహజ కటకం (లెన్సు) మసకబారడం, ముదిరితేనే తీయించాలన్న మాట ఊరికే పుట్టలేదు. 1970ల చివర్లో మా తాతకు ఆపరేషన్ జరిగిన రోజుల్లో కంటిలోని కటకాన్ని మొత్తంగా బయటికి తీసేవారు. ముదిరిన కటకం పట్టు వదిలి తేలికగా వచ్చేది. కోత పెద్దది కాబట్టి కుట్లు పడేవి. తల కదలకుండా ఇరువైపులా ఇసుక సంచులు పెట్టి రోజుల తరబడి వెల్లకిలా పడుకోబెట్టారు. తీసిన కటకం స్థానంలో పెట్టడానికి ఏమీ లేనందున మందపాటి సోడాబుడ్డి అద్దాలు ఇచ్చారు. ఆ అద్దాల్లో ప్రతిదీ దాదాపు పావు వంతు పెద్దదిగా, దగ్గరగా కనబడేది. గడప ఎంత ఎత్తుందో అంచనా అందక తాత కాలితో తడుముకుంటూ దిగడం నాకింకా గుర్తుంది. ఆ పద్ధతిలో తొందరపడి చేయించుకుంటే ఉన్న చూపు కూడా చెడినట్టే అయ్యేది గనుక, పూర్తిగా కనబడకుండా పోయేదాకా ఆగమనడం అప్పటికి సరైన సలహాయే. లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు, యుద్ధ విమానాల పైలట్ల కళ్లలో దిగబడిన ప్లాస్టిక్ ముక్కలను కన్ను సహిస్తోందని గమనించి, 1949లోనే తొలి కృత్రిమ కటకాన్ని అమర్చినప్పటికీ, అది మన పల్లెటూరి మనిషి కంటిదాకా రావడానికి దశాబ్దాలు పట్టింది. 1992లో మధురై అరవింద్ కంటి ఆసుపత్రి వారి ఆరోల్యాబ్ సంస్థ మన దేశంలోనే తక్కువ ధరకు లెన్సులు తయారు చేయడం మొదలుపెట్టిన తర్వాత గానీ పేదవాడికి లెన్సు అందుబాటులోకి రాలేదు. ఆపరేషన్ పద్ధతి మారింది, మన ఇళ్లలో సలహా మాత్రం మారలేదు.

ఆ సలహాకు మూల్యం చెల్లించింది మా అమ్మ. "మీ తాతకు ముదిరినంకనే తీసిండ్రు బిడ్డా, నాకేం తొందర" అని ఆమె ఏళ్ల తరబడి ఆగింది, మేమూ ఆగనిచ్చాం. ఒక రాత్రి ఎడమ కంట్లో విపరీతమైన నొప్పి, తలపోటు, వాంతులు మొదలైతే పైత్యమనుకుని రెండు రోజులు నిమ్మరసం తాగించాం. మూడో రోజు నల్లగొండకు తీసుకెళితే, శుక్లం ఉబ్బి కంటిలో ఒత్తిడి పెరిగిందని, నరం దెబ్బతిన్నదని చెప్పారు. ఆ కంటికి ఆపరేషన్ చేసినా పోయిన చూపు తిరిగి రాలేదు. కుడి కంటి కటకం గోధుమ రంగుకు తిరిగి గట్టిపడిపోవడంతో చిన్న కోతతో తీయడం సాధ్యపడలేదు. పెద్ద కోతతో తీసిన తర్వాత నల్లగుడ్డు మీది పొర వాచి, చూపు తేటపడటానికి నెల దాటింది. ఆ రెండు రోజుల నిమ్మరసం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఇంత చూసి కూడా నా వంతు వచ్చేసరికి నేనూ వాయిదా వేశాను. 2023లో తెలంగాణ ప్రభుత్వ ఉచిత కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగు రెండో విడత శిబిరంలో పరీక్షించి, పొర మొదలైంది, పెద్ద ఆసుపత్రిలో చూపించుకోమన్నారు. నాకేమో అదే రోజుల్లో పేపరు అద్దాలు లేకుండా చదవడం వచ్చేసింది, చూపు మెరుగుపడుతోందని సంబరపడ్డాను. అది మెరుగుదల కాదు. కటకం మధ్య భాగం గట్టిపడుతున్న కొద్దీ దగ్గరి చూపు కొంతకాలం బాగున్నట్టు అనిపించి, దూరపు చూపు మసకబారుతుంది. మీ నాన్నగారు కూడా చత్వారం అద్దాలు పక్కన పెట్టేసి ఉంటే దాన్ని శుభసూచకంగా తీసుకోకండి. కూరగాయల అంగడిలో ఇరవై నోటు అనుకుని రెండు వందల నోటు ఇచ్చాను, అది కూడా నన్ను కదిలించలేదు. పసుపు పచ్చబడిన కటకంలోంచి చూస్తే ఆ రెండు నోట్లూ దాదాపు ఒకే రంగులో కనబడతాయి.

నన్ను కదిలించింది 2024 ఏప్రిల్‌లో ఒక రాత్రి. యాసంగి కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. మల్లేపల్లిలో పెళ్లి భోజనం చేసి తొమ్మిది దాటాక బండి మీద ఒక్కడినే తిరిగి వస్తున్నాను. నలభై ఏళ్లుగా ఎరిగిన రోడ్డు. ఎదురుగా వస్తున్న లారీ దీపాల వెలుతురు కళ్ల మీద పడగానే అది రెండు దీపాలుగా కాక, తెల్లటి దూదిని కళ్లకద్దినట్టు దారి మొత్తాన్నీ కమ్మేసింది. బ్రేకు వేశానో లేదో, ముందు చక్రం దేన్నో ఎక్కింది, బండి ఒరిగింది, నేను వడ్ల మీద పడ్డాను. రోడ్డు సగం మేర ఆరబోసిన వడ్ల చుట్టూ రైతులు అంచుగా పేర్చిన రాళ్లలో ఒకదాన్ని ఎక్కించాను. పక్కనే పరదా కప్పిన కుప్ప దగ్గర ఒక రైతు భార్యా పిల్లవాడితో కాపలా పడుకుని ఉన్నాడు. నేను పడిన చోటుకు నాలుగడుగుల దూరంలో ఆ పిల్లవాడు నిద్రపోతున్నాడు. రైతు పరుగెత్తుకొచ్చి నన్ను లేపి, "సార్, లాంతరు పెట్టిన గదా, కానరాలేదా?" అని అడిగాడు. చూస్తే నిజంగానే కుప్ప మీద ఎర్ర గుడ్డ చుట్టిన లైటు వెలుగుతోంది. అది నాకు కనబడలేదు. మోకాలు గీరుకుపోవడం తప్ప నాకేమీ కాలేదు గానీ, ఆ పిల్లవాడి ముఖం చూశాక రాత్రంతా నిద్రపట్టలేదు. రోడ్ల మీద వడ్లు పోయడం ప్రమాదమే, నిజమే. కానీ ఊరూరా ఆరబెట్టుకునే కల్లాలు కట్టించకుండా రైతును తప్పుపట్టడం నాకు చేతకాదు. ఆ రాత్రి తప్పు నా కంటిది, దాన్ని వాయిదా వేసిన నాది.

అందుకే నా లెక్కలో, ఎప్పుడు చేయించాలన్న దానికి జవాబు పొర ఎంత ముదిరిందన్న దాంట్లో లేదు, మనిషి చేసే పనిలో ఉంది. పడిన వారం రోజులకే హైదరాబాద్‌లో పరీక్షిస్తే, చీకటి గదిలో అక్షరాల పట్టికను నేను కింది వరుసకు కొంచెం పైదాకా చదివాను. ఆ ఒక్కదాన్నే చూస్తే ఇంకో ఏడాది ఆగవచ్చు. ఎదుటి నుంచి వెలుతురు వేసి మళ్లీ చదివించినప్పుడు సగం పట్టిక మాయమైంది. మీ నాన్నగారు రాత్రిపూట బండి నడిపేవారైతే, తెల్లవారుజామున మోటారు వేయడానికి పాములు తిరిగే గట్ల మీద నడిచేవారైతే, ఆయనకు ఆపరేషన్ సమయం వచ్చేసినట్టే. పగలు అరుగు మీద కూర్చుని పేపరు చదువుకునే మనిషికి తొందర లేదు, ఆరు నెలలకొకసారి చూపించుకుంటే చాలు. షుగర్ ఉన్నవారు మాత్రం ఎక్కువ కాలం ఆగరాదు, ఎందుకంటే పొర అడ్డుపడితే కంటి వెనకాలి తెర (రెటీనా) దెబ్బతింటోందో లేదో డాక్టరుకు కనబడదు. పొరను కరిగించే చుక్కల మందు ప్రపంచంలో ఎక్కడా లేదు. తేనె, ఆకుపసరు కంట్లో పోయమనేవాళ్లను దగ్గరికి రానీయకండి.

ఆసుపత్రిలో రెండు విషయాల్లో జాగ్రత్తగా ఉండండి. మీ నాన్నగారు మూత్రం ధార సరిగా రావడానికి ప్రోస్టేట్ మాత్రలు, ముఖ్యంగా టామ్సులోసిన్ వాడుతుంటే, గతంలో వాడి మానేసినా సరే, ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. ఆ మందు కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరను సడలింపజేసి ఆపరేషన్‌ను కష్టతరం చేస్తుంది, ముందే తెలిస్తే డాక్టరు అందుకు సిద్ధంగా ఉంటారు. నేను వాడుతున్నాను, ఒక జూనియర్ డాక్టరు అడిగేదాకా నాకు ఆ సంబంధమే తెలియదు. రెండోది లెన్సు. నేను మొదట వెళ్లిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డాక్టరును చూడకముందే కౌంటరులోని అమ్మాయి, అద్దాల అవసరమే లేని మల్టీఫోకల్ లెన్సు వేయించుకోండని అరగంట చెప్పింది. ఆ లెన్సుల వల్ల కొందరికి రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనబడతాయన్న మాట మాత్రం చెప్పలేదు. దీపాల వెలుతురుకే పడిపోయిన మనిషికి అది చెప్పకపోవడం అన్యాయమని నాకు కోపం వచ్చింది. వేరే ఆసుపత్రికి వెళ్లి దూరపు చూపుకు సరిపడే మామూలు మోనోఫోకల్ లెన్సు వేయించుకున్నాను. చదవడానికి అద్దాలు కావాలి, అంతే.

ఎండాకాలంలో చేయించుకోవద్దని ఇంట్లో అందరూ వారించారు. నేను మే నెలలోనే చేయించుకున్నాను. ఇప్పటి కోత రెండు మూడు మిల్లీమీటర్లే, కుట్లు ఉండవు, అది మానడానికి చలికాలంతో పనిలేదు. చెమట కంట్లోకి జారకుండా నుదురు తుడుచుకుంటూ ఉన్నాను. ఆపరేషన్ ఇరవై నిమిషాలలోపే ముగిసింది. చుక్కల మందుతోనే మొద్దుబార్చారు కాబట్టి నీళ్లు పారుతున్నట్టూ, వెలుగు కదులుతున్నట్టూ తెలిసింది గానీ నొప్పి లేదు. ఆ సాయంత్రమే మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. మర్నాడు పట్టీ విప్పాక ఆ కంటితో చూస్తే గోడ సున్నం వేసినట్టు తెల్లగా ఉంది, రెండో కంటితో చూస్తే అదే గోడకు టీ మరక పట్టినట్టు ఉంది. అన్నేళ్లుగా నేను చూసిన లోకం ఆ రంగులోనే ఉండేదని అప్పుడు తెలిసింది.

మొదటి రెండు మూడు రోజులు కంట్లో ఇసుక పడినట్టు గరగరలాడింది, నీళ్లు కారాయి. చుక్కలు తొలి వారం రెండు గంటలకొకసారి, తర్వాత తగ్గిస్తూ ఆరు వారాలు వేసుకున్నాను. రెండు రకాల మందుల మధ్య ఐదు నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. రాత్రి నిద్రలో నలుపుకోకుండా వారం పాటు ప్లాస్టిక్ కవచం అంటించుకున్నాను. తలస్నానం రెండు వారాలు మానేసి, మెడ కింది నుంచే పోసుకున్నాను. పథ్యం పేరుతో వంకాయ, గోంగూర, పప్పు మాన్పించబోయారు. డాక్టరు ఏదైనా తినవచ్చని, షుగర్ అదుపులో ఉంచుకోమని, మలబద్ధకం రానీయవద్దని మాత్రమే చెప్పారు. మూడు వారాల తర్వాత రెండో కంటికి చేశారు. ఆ మధ్యకాలంలో రెండు కళ్లకూ చూపు పొత్తు కుదరక మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవాల్సి వచ్చింది, అది ముందే తెలిస్తే భయపడరు.

పొలం పని గురించి అడిగారు కదా, టీవీ చూడటం, నడవడం రెండో రోజు నుంచే చేయవచ్చు. బస్తాలు ఎత్తడం, వరికోత మిషను దుమ్ములో నిలబడటం, పంటకు పురుగుమందు కొట్టడం, పశువుల కొట్టం ఊడవడం మాత్రం ఒక్కో కంటికి నెల రోజులు మానాలి, డాక్టరు ఇంకా ఎక్కువ చెబితే అంతే పాటించాలి. ఈలోగా నొప్పి పెరిగినా, కన్ను ఎర్రబడినా, వచ్చిన చూపు మళ్లీ మసకబారినా తెల్లవారేదాకా కూడా ఆగకుండా ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లండి, అది లోపల చీము పట్టడం కావచ్చు. ఏడాదో రెండేళ్లో గడిచాక నెమ్మదిగా మసక వస్తే మాత్రం పొర మళ్లీ పుట్టిందని భయపడకండి, లెన్సును పట్టి ఉంచే సన్నటి తిత్తి వెనకభాగం మసకబారుతుంది, కొద్ది నిమిషాల లేజరుతో తేటపడుతుంది. మా అమ్మ కుడి కంటికి అలాగే చేశారు. రెండు కళ్లకూ కలిపి, చుక్కల మందు వాడకంతో సహా, రెండు నెలలకు పైగా పడుతుంది కాబట్టి, మీ నాన్నగారి వరి కోతకు ఎప్పుడు వస్తుందో లెక్క చూసుకుని, దానికి మూడు నెలల ముందు తేదీ అడగండి. అప్పటిదాకా చీకటి పడ్డాక బండి తాళం మీ దగ్గరే ఉంచుకోండి.