మింగాక ఎలుకల కంపు కొట్టే సోర్ బీర్: సమాధానం

ఇంట్లో కాచిన సోర్ బీర్ (బ్యాక్టీరియాతో పులిసిన పుల్లటి బీర్) మింగాక కంపు కొడుతోంది, తాగిన ఫ్రెండ్స్‌లో ఇద్దరే మొహం చిట్లించారు, పారబోయాలా అని అడిగారు. పారబోయకండి. గ్లాసులో శుభ్రంగా పుల్లగా ఉండి, మింగిన పది సెకన్లకు నాలుక వెనక ఎలుకల గూడు, మెత్తబడ్డ బిస్కెట్ రుచి వస్తోందన్నారు కదా, అది దాదాపు ఖచ్చితంగా టీహెచ్‌పీ (టెట్రాహైడ్రోపిరిడిన్) అనే కంపు పదార్థమే. బాటిల్‌లోకి పోసేటప్పుడు గాలి తగిలితే బ్రెట్టానోమైసిస్ అనే ఈస్ట్, లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తాయి.

పులుపు ఎక్కువున్న బీర్‌లో అది ఆవిరై పైకి రాదు, అందుకే ముక్కుకి చిక్కదు. ఉమ్మి కలిసి పులుపు తగ్గాకే బయటపడుతుంది. కొందరికైతే అసలు తెలియనే తెలియదు. మీ ఫ్రెండ్స్‌లో ఇద్దరే మొహం చిట్లించింది అందుకే.

చాలామంది వదిలేసేది పంచేముందు చేయాల్సిన టెస్ట్. నేనూ ఒకసారి వదిలేసి నాలుగు బాటిళ్ళు పట్టుకెళ్ళా. మొదటి గుక్కకి మెచ్చుకున్నవాళ్ళు రెండో గుక్క తాగనేలేదు.

1. చెంచాడు బీర్‌లో చిటికెడు వంటసోడా వేయండి. బుసబుసా పొంగి తగ్గాక వాసన చూడండి. కంపు ఉంటే ఇప్పుడు ముక్కుకే తెలిసిపోతుంది.
2. ఉంటే ఆ బ్యాచ్ పంచకండి. గది వేడిలోనే ఉంచండి. కంపుని మెల్లగా పోగొట్టేదీ ఈస్టే, ఫ్రిజ్‌లో పెడితే దాని పని మందగించి కంపు అలాగే ఉండిపోతుంది.
3. నెలకో బాటిల్ తెరిచి ఇదే టెస్ట్. మామూలుగా 2-3 నెలల్లో పోతుంది, మొండి బ్యాచ్‌లకి ఇంకా ఎక్కువే పడుతుంది.
4. ఈసారి గొట్టం బాటిల్ అడుగుదాకా దించి నింపండి. కాస్త తాజా ఈస్ట్ కూడా వేయండి, లోపలికి చేరిన ఆక్సిజన్‌ని అదే లాగేస్తుంది.