పర్మినెంటు, కాంట్రాక్టు వాళ్ల మధ్య ఇంత తేడా మన దేశంలోనేనా, వేరే దేశాల్లోనూ ఉందా?

వేరే దేశాల్లోనూ ఉంది. కానీ మన దగ్గర ఉన్నంత అన్యాయంగా అన్నిచోట్లా లేదు. నేను విశాఖ దగ్గర ఒక పెద్ద ఫ్యాక్టరీలో పంపుల మెయింటెనెన్సులో కాంట్రాక్టు కార్మికుడిగా చాలా ఏళ్లు చేశాను. పేరు రాయను, మావాళ్లు ఇంకా అక్కడే పనిచేస్తున్నారు.

కాంట్రాక్టు అంటే కొన్నాళ్లు చేసి వెళ్లిపోయే పని అనుకుంటారు బయటివాళ్లు. మా సెక్షన్‌లో పని ఏనాడూ ఆగదు, మనుషులూ పెద్దగా మారరు, మారేది కాంట్రాక్టరే. టెండరు అయిపోతుంది, కొత్తాయన వస్తాడు, అదే మనుషుల్ని పెట్టుకుంటాడు, కాగితం మీద మాత్రం మేమందరం ఆ రోజే చేరినట్టు రాస్తారు. ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే గ్రాట్యుటీకి అప్పటి 1972 చట్టం ఐదేళ్ల సర్వీసు అడిగేది, మాకు ఏ కాంట్రాక్టరు దగ్గరా ఐదేళ్లు నిండలేదు. పాత పీఎఫ్ డబ్బు ఏమైందో తెలుసుకోవడానికి ఎవరెవరి చుట్టూ తిరగాలో అది వేరే కథ. బ్యాంకుకి లోను కోసం వెళ్తే మొదటి ప్రశ్న "పర్మినెంటేనా?" అని. పెళ్లి సంబంధాల వాళ్లూ అదే అడుగుతారు.

ఒకసారి టెండరు మారేటప్పుడు పాత గేటు పాసుల గడువు అయిపోయింది, కొత్తవి ఇంకా రాలేదు. పొద్దున్నే వచ్చిన మావాళ్లందరం గేటు బయట టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. రోజూ పేరుపెట్టి పలకరించే సెక్యూరిటీ వాళ్లు ఆ రోజు మావైపు చూడలేదు. కాసేపటికి లోపల్నుంచి పర్మినెంటు ఆపరేటరు గారి ఫోను, "తమ్ముడూ, మూడో పంపు ప్రెషర్ రావట్లేదు, ఏటి చెయ్యమంటావు?" అని. నాతో పనిచేసే శ్రీకాకుళం అన్న ఫోను తీసుకుని, అక్కడే బల్ల మీద కూర్చుని మొత్తం చెప్పాడు. ముందు పంపు ఆపించాడు, డిశ్చార్జి వాల్వు మూయించాడు, లోపలి గాలి పోయే వెంటు తెరిచి బుడగలు పోయి నీళ్లు నిండుగా వచ్చేదాకా ఆగమన్నాడు, తర్వాత స్టార్ట్ చేసి వాల్వు మెల్లమెల్లగా తెరవమన్నాడు. మధ్యలో "చప్పుడు ఎలాగుంది, ఫోను దగ్గర పెట్టండి" అని అడిగి మరీ విన్నాడు. పంపు ఎత్తుకుంది. "బతికించావురా" అన్నారాయన. మంచి మనిషే, మనస్ఫూర్తిగానే అన్నారు. కానీ ఆ రోజు మాలో ఎవరికీ హాజరు పడలేదు, కాబట్టి కూలీ లేదు. పంపు ఎత్తించిన మనిషికి కూడా లేదు! ఇప్పుడు తల్చుకున్నా నాకు కడుపు మండుతుంది.

మన దగ్గర చట్టాలు లేక కాదు ఇదంతా. ఎప్పుడూ ఉండే పనుల్లో కాంట్రాక్టు పద్ధతిని ప్రభుత్వం నిషేధించవచ్చని 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే రాశారు, దాని కేంద్ర నియమాల్లో ఒకే రకం పనికి ఒకే వేతనం అని కూడా పెట్టారు. కానీ నిషేధించినంత మాత్రాన కార్మికులు వాళ్లంతట వాళ్లు పర్మినెంటు అయిపోరని 2001లో సెయిల్ (ప్రభుత్వ ఉక్కు కంపెనీ) కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2016లో అదే కోర్టు ప్రభుత్వ తాత్కాలిక ఉద్యోగులకు సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలంది. మంచి తీర్పే. అది మా గేటు దాకా వచ్చింది మాత్రం నేను చూడలేదు. యూనియన్ల మీద కూడా నాకు కోపం ఉంది, మా ప్లాంటులో యాజమాన్యంతో మాట్లాడే యూనియన్‌ని ఎన్నుకునే గుర్తింపు ఎన్నికల్లో మాకు ఓటే ఉండేది కాదు, ఓటు లేనివాడి గురించి చర్చల్లో ఎవరు గట్టిగా మాట్లాడతారు?

ఇక బయటి దేశాలు. స్పెయిన్‌లో పర్మినెంటు మనిషిని సరైన కారణం లేకుండా తీసేస్తే ఏడాది సర్వీసుకి 33 రోజుల జీతం కట్టాలి, తాత్కాలిక కాంట్రాక్టు ముగిస్తే 12 రోజులదే. అంత తేడా ఉంటే యజమాని ఎటు మొగ్గుతాడో చెప్పక్కర్లేదు, అక్కడ ఏళ్ల తరబడి ఉద్యోగుల్లో దాదాపు నాలుగో వంతు తాత్కాలికం వాళ్లే. 2021 చివర్లో చట్టం మార్చి, "ఈ పని అయ్యేదాకా" అనే రకం కాంట్రాక్టునే తీసేశారు, తర్వాత ఆ వాటా బాగా తగ్గింది. దక్షిణ కొరియాలో రెండేళ్లు దాటితే పర్మినెంటు చెయ్యాలని 2007లో నిబంధన తెచ్చారు, రెండేళ్లు నిండకముందే పంపించేసేవాళ్లు తయారయ్యారు. జపాన్‌లో ఐదేళ్ల నిబంధన, అక్కడా అదే తంతు. 2008 మాంద్యంలో అక్కడ ఏజెన్సీ కార్మికులకి పనితోపాటు కంపెనీ ఇచ్చిన గది కూడా పోయింది, ఆ ఏడాది చివర్లో టోక్యో హిబియా పార్కులో వాళ్ల కోసం గుడారాలు వేసి అన్నం పెట్టారు.

నాకు నచ్చింది ఆస్ట్రేలియా. అక్కడ క్యాజువల్ కార్మికుడికి పెయిడ్ లీవు లేదు, భద్రత లేదు, అందుకని గంటకి 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. ఇది కదా న్యాయం! రేపు పని ఉంటుందో లేదో తెలియని టెన్షన్ మోసేవాడికి ఎక్కువ రావాలి. మన దగ్గర భద్రతా లేదు, జీతమూ పక్కవాడిలో సగం కూడా ఉండదు. మనిషి చవగ్గా దొరికినన్నాళ్లు ఏ కంపెనీ అయినా అలాగే తీసుకుంటుంది. కాంట్రాక్టు మనిషి పర్మినెంటు మనిషికన్నా ఖరీదైన రోజు నిజంగా అవసరమైన చోటే కాంట్రాక్టు పెడతారు. పర్మినెంటు వాళ్ల భద్రత తీసేస్తే అందరూ సమానమవుతారని టీవీల్లో కొందరు అంటారు, దాన్ని నేను అస్సలు ఒప్పుకోను. ఆ ఆపరేటరు గారి ఉద్యోగం ఊడితే మా శ్రీకాకుళం అన్నకి ఏం ఒరుగుతుంది?

అడిగినవారు మీరే కాంట్రాక్టులో ఉంటే ఒక పని చెయ్యండి. కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ పాతాయన దగ్గర సర్వీసు సర్టిఫికెట్ రాయించుకోండి, జీతం చీటీలు, పాత గేటు పాసుల ఫోటోలు దాచుకోండి, పీఎఫ్ ఖాతాలన్నీ ఒకే యూఏఎన్ (పీఎఫ్‌లో మనిషికి ఒక్కటే ఉండే నంబరు) కింద ఉన్నాయో లేదో చూసుకోండి. పాత కాంట్రాక్టరు వెళ్లిపోయాక ఫోను ఎత్తడు.